మితవాది ధర్మసంకటము: హైరం రెవెల్సు చరిత్రము

(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాస పాఠము)

మితవాది యను మాట మన రాజకీయములలో చిరకాలము నిందావాచకముగ చెల్లినది. 1907లో సూరతు కాంగ్రెసు భగ్నమైన నాటి నుండి మితవాది యనగా మహజరులు వ్రాసికొనువాడనియు, అతివాది యనగా కార్యశూరుడనియు మన పెద్దలలో పలువురు తలచిరి. ఆ తగవును తిరుగదోడుట నేటి మా పని కాదు. కాని మితవాదము ఎప్పుడు ధర్మమగును, ఎప్పుడు ధర్మమునకు ద్రోహమగును అను ప్రశ్న ఏ దేశమునందును పాతబడినది కాదు. దానికి నిదర్శనముగ అమెరికా దేశీయుడైన హైరం రెవెల్సు జీవితమును మీ ముందు పెట్టదలచితిమి. ఆయన క్రైస్తవ మతబోధకుడు, అమెరికా కాంగ్రెసులో సభ్యత్వము వహించిన మొట్టమొదటి నల్లజాతివాడు, స్వభావముచేత మితవాది. ఆయనకు కీర్తి తెచ్చినది ఆ మితవాదమే. ఆ కీర్తికి మచ్చ తెచ్చినదియు ఆ మితవాదమే.

రెవెల్సు 1827 సెప్టెంబరు 27వ తేదీన ఉత్తర కెరొలీనా రాష్ట్రమున ఫయెట్‌విల్ పట్టణములో జన్మించెను. ఆయన తలిదండ్రులు బానిసలు కారు, స్వతంత్రులు. అయినను ఆ రాష్ట్రమున నల్లవాని స్వాతంత్ర్యము ఎంత పలుచనిదో తెలియుటకు ఒక్క సంగతి చాలును. స్వతంత్రులైన నల్లవారికి అంతవరకు ఉండిన ఓటు హక్కును 1835లో ఆ రాష్ట్రము ఊడబెరికెను. అప్పటికి రెవెల్సు ఎనిమిదేండ్ల బాలుడు. స్వజాతీయురాలైన యొక స్త్రీ నడిపిన బడిలో ఆయన అక్షరములు నేర్చెను. 1838లో లింకన్‌టన్ అను ఊరికి పోయి, అన్నగారి క్షౌరశాలలో పనివాడుగ చేరెను. 1841లో అన్న మరణింపగా ఆ అంగడి ఆయన చేతికి వచ్చెను. చేతినిండ పనియు, కడుపునిండ కూడును దొరకెను గాని చదువు మీది ఆశ చావలేదు. దక్షిణమున ఆ ఆశ తీరునది కాదు. అందుచేత అంగడి విడిచి ఉత్తరమునకు పోయి, ఇండియానాలో క్వేకరులు నడుపు పాఠశాలలోను, తరువాత ఒహైయోలోను చదివెను. 1845లో ఆఫ్రికను మెథడిస్టు ఎపిస్కోపలు సంఘమువారు ఆయనకు మతబోధక పట్టమిచ్చిరి.

ఆ పిమ్మట పెక్కేండ్లు ఆయన ఇండియానా, ఇల్లినాయ్, ఒహైయో, కెంటకీ, టెన్నెసీ, మిస్సోరీ రాష్ట్రములలో తిరిగి బోధించెను. వీనిలో కొన్ని బానిసత్వమును పాటించు రాష్ట్రములు, కొన్ని నిషేధించినవి. ఈ భేదమును బట్టి ఆయన నడవడి మారుచుండెను. బానిస రాష్ట్రములలో నున్నప్పుడు బానిసలను పారిపొమ్మని ప్రోత్సహింపక జాగ్రత్తపడితిననియు, అందుచేత యజమానులు సైతము తన బోధను సహించిరనియు ఆయనయే తరువాత వ్రాసికొనెను. స్వతంత్ర రాష్ట్రములలో నున్నప్పుడు మాత్రము పారిపోయి వచ్చిన వారికి తప్పక తోడుపడితిననియు ఆయనయే వ్రాసెను. ఇది పిరికితనమందుమా, లౌక్యమందుమా? తొందరపడి తీర్పు చెప్పకుందము. బానిసకు వాక్యము వినిపింపవలెనన్న యజమాని వాకిలి దాటవలెను. ఆ వాకిలి దాటుటకు చెల్లించిన సుంకము ఆ మౌనము. అంత జాగ్రత్తపడినను 1854లో మిస్సోరీలో, నల్లవారికి బోధించిన నేరమునకే ఆయనను చెరసాలలో పెట్టిరి. మితముగ మాటలాడిన వానిని అన్యాయము విడిచిపెట్టునను నమ్మకము తప్పని ఆయనకు ఆనాడే తెలిసి యుండవలెను.

1861లో అంతర్యుద్ధము వచ్చెను. అప్పటికి రెవెల్సు ఇల్లినాయ్ లోని నాక్సు కళాశాలలో కొంతకాలము చదివి, బాల్టిమోరులో పాదిరిగను, నల్లవారి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగను ఉండెను. మేరీలాండులో నల్లజాతి సైనిక దళములను కూర్చుటకు తోడ్పడెను. 1863లో సెయింటు లూయీలో విముక్తులకొరకు పాఠశాల పెట్టెను. సైన్యములో మతాచార్యుడై మిస్సిసిపీ రాష్ట్రమునకు పోయెను. యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన పిమ్మట, 1866లో ఆ రాష్ట్రముననే నాచెజ్ పట్టణములో స్థిరపడెను.

ఆ మిస్సిసిపీ స్థితి యెట్టిదో తెలియనిదే తరువాతి కథ బోధపడదు. అచ్చట నల్లవారు తెల్లవారికంటె అధికసంఖ్యాకులు. 1867లో సైన్యాధికారుల పర్యవేక్షణమున ఓటర్ల పట్టిక తయారు చేయగా, నల్లవారు సుమారు అరువదివేల మంది నమోదైరి. తెల్లవారు అంతకు తక్కువయే. నిన్నటి వరకు సంతలో అమ్ముడుపోయినవారు నేడు శాసనసభ్యుల నెన్నుకొను వారైరి. ఇది పాత యజమానుల కంటికి కారము చల్లినట్లాయెను.

1868లో సైనిక గవర్నరైన అడెల్బర్ట్ ఏమ్సు రెవెల్సును నాచెజ్ పురపాలక సభకు నియమించెను. మరుసటి యేడు జాన్ లించి అను యువకుని ప్రోత్సాహమున ఆయన రాష్ట్ర సెనేటుకు ఎన్నికయ్యెను. 1870 జనవరిలో సభ ప్రారంభమైనపుడు ప్రార్థన చేయుమని ఆయనను కోరిరి. ఆ ప్రార్థన సభ్యుల హృదయములను కదల్చినదనియు, ఆయనను అమెరికా సెనేటుకు పంపినది ఆ ప్రార్థనయే ననియు లించి తన గ్రంథమున వ్రాసెను. ఆ కాలమున అమెరికా సెనేటు సభ్యులను ఓటర్లు గాక రాష్ట్ర శాసనసభలే ఎన్నుకొనుచుండెను. ఖాళీగ నున్న స్థానములలో ఒకటి తమవానికి ఈయవలెనని నల్లజాతి సభ్యులు పట్టుబట్టిరి. 1870 జనవరి 20వ తేదీన 81 ఓట్లకు 15 ఓట్లుగ రెవెల్సు ఎన్నికయ్యెను. 1871 మార్చి 3వ తేదీతో ముగియు కొద్దికాలపు స్థానమే ఆయనకు దక్కెను.

సెనేటు తలుపు అంత సులభముగ తెరువబడలేదు. మూడు దినములు వాదము నడచెను. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఆ వాదమును చదువునపుడు కలిగిన ఆశ్చర్యము ఇంతంత కాదు. కారణమేమన, అన్యాయము న్యాయశాస్త్రపు దుస్తులు తొడుగుకొని వచ్చినపుడు ఎంత సొగసుగ నుండునో అచ్చట చూడవచ్చును. సెనేటు సభ్యుడు తొమ్మిదేండ్లుగ అమెరికా పౌరుడై యుండవలెనని రాజ్యాంగ నిబంధన. 1857లో డ్రెడ్ స్కాట్ అను బానిస తెచ్చిన వ్యాజ్యములో, నల్లజాతివారు అమెరికా పౌరులు కారని అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పి యుండెను. నల్లవారి పౌరసత్వమును ఒప్పుకొన్న శాసనము 1866 నాటిది. పదునాలుగవ రాజ్యాంగ సవరణ 1868 నాటిది. కాబట్టి రెవెల్సు పౌరుడై నాలుగేండ్లైనను నిండలేదు, తొమ్మిదేండ్ల షరతు తీరలేదు అని గారెట్ డేవిసు, సాల్సుబరీ మొదలగు డెమోక్రాటు సభ్యులు వాదించిరి.

మన పల్లెలలో పట్టా తగవులు ఎరిగినవారికి ఇందలి కీలకము వెంటనే తెలియును. పట్టా ఇచ్చిన దినముననే హక్కు పుట్టినదా, లేక తాతల నాటి నుండి ఉన్న హక్కునే పట్టా గుర్తించినదా? ఇదియే ప్రశ్న. రెవెల్సు పక్షము వారిలో కొందరు సన్నని దారి పట్టిరి: ఆయన మిశ్రమ రక్తము గలవాడు, లోగడ ఒహైయోలో ఓటు వేసినవాడు, కాబట్టి ఆ తీర్పు ఆయనకు వర్తింపదనిరి. చార్లెసు సమ్నరు ఆ సందుగొందులలో నడువ నొల్లలేదు. ఆ తీర్పు పుట్టుకయందే ప్రాణము లేనిదని వాదించెను. రెవెల్సును లోనికి రానిచ్చుట ఒక్క మనుష్యుని సంగతి కాదనియు, స్వాతంత్ర్య ప్రకటనమందలి సమానత్వ వాక్యమును నిజము చేయుటయే ననియు చాటెను. 1870 ఫిబ్రవరి 25వ తేదీన 48 ఓట్లకు 8 ఓట్లుగ సెనేటు ఆయనను అంగీకరించెను. పూర్వము క్షౌరశాలలో కత్తి నూరిన యువకుడు సెనేటులో ప్రమాణము చేసెను. బానిసత్వమును నిలుపుటకై దేశమును చీల్చిన రాష్ట్రములలో నొకటి ఆయనను తన ప్రతినిధిగ పంపెనన్న, కాలము ఎట్లు తిరుగబడినదో ఊహింపవచ్చును.

సెనేటులో ఆయన ఉన్నది ఏడాదికాలము మాత్రమే. ఆ యేడాదిలో ఆయన చేసిన పనులు రెండు తెరగులు. ఒకటి తనవారి హక్కులను కాపాడుట. 1868లో జార్జియా శాసనసభ తన నల్లజాతి సభ్యులను జాతి కారణముగ వెడలగొట్టి యుండెను. మార్చి 16వ తేదీన ఆయన చేసిన మొదటి ప్రసంగము వారి పక్షమున చేసినదే. యుద్ధకాలమున యజమానులు రణరంగమునకు పోగా, వారి ఆడువారిని పిల్లలను కనిపెట్టి యుండినవారు నల్లవారే గదా, పగ తీర్చుకొనుటకు చేతినిండ అవకాశమున్నను తీర్చుకొనలేదు గదా యని ఆయన సభకు జ్ఞాపకము చేసెను. నౌకాశాలలో నల్లజాతి పనివారికి పని దొరకకుండుటను గూర్చి పాటుపడెను. వెస్టుపాయింటు సైనిక విద్యాలయమునకు ఒక నల్లజాతి యువకుని పేరు సూచించెను. అతనికి ప్రవేశము దొరకలేదు. 1871 ఫిబ్రవరిలో, వాషింగ్టను నగరపు పాఠశాలలలో నల్లపిల్లలను వేరుగ కూర్చుండబెట్టరాదని వాదించెను. ఆ వాదము ఆనాడు నెగ్గలేదు. ఆ నగరమున పిల్లలు ఒకే బడిలో చదువుటకు 1954 వరకు, అనగా ఎనుబదిమూడేండ్లు, ఆగవలసి వచ్చెను.

రెండవ తెరగు, శత్రువులను క్షమించుట. తిరుగుబాటు చేసి ఓడిన దక్షిణాది తెల్లవారికి రాజకీయ హక్కులు తిరిగి ఈయవలెనని ఆయన కోరెను. విధేయతా ప్రమాణము చేసిన చాలునని ఆయన మతము. తన పక్షము వారిలో ఇందుకు కోపించినవారు లేకపోలేదు. కాని మేము దీనిని తప్పుపట్టము. ఆనాడు నల్లవాని చేతిలో ఓటున్నది. వాని వెనుక రాజ్యాంగమున్నది. రాజ్యాంగము వెనుక సైన్యమున్నది. చేతిలో బలమున్నవాడు చూపిన క్షమ అది. దాని కంటె గొప్ప ధర్మము లేదు.

సెనేటు గడువు తీరగానే ఆయన మిస్సిసిపీకి తిరిగివచ్చి, నల్లవారికొరకు 1871లో స్థాపింపబడిన ఆల్కార్న్ విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. యుద్ధమునకు పూర్వము తెల్లవారి కళాశాలగ నుండిన భవనములలో అది వెలసెను. బానిసకు అక్షరము నేర్పుట నేరముగ నుండిన దేశమున, బానిసల బిడ్డలకు ప్రభుత్వ ధనముతో ఉన్నత విద్య! సంవత్సరమునకు ఏబదివేల డాలర్లు ఇత్తుమని శాసనసభ మొదట వాగ్దానము చేసెను. ఆ మొత్తము తరువాత తరువాత కోతపడెను. 1873లో కొంతకాలము ఆయన రాష్ట్ర కార్యదర్శిగ పనిచేసెను. పిమ్మట ఏమ్సు గవర్నరై వచ్చి, 1874లో ఆయనను కళాశాల నుండి తొలగించెను. ఇరువురును రిపబ్లికను పక్షమువారే. కాని ఆ పక్షము అప్పటికే రెండుగ చీలియుండెను. ఈ కక్షను జ్ఞాపకముంచుకొనుడు. తరువాతి కథలో దీని పాలు కొంత గలదు.

ఇక 1875వ సంవత్సరము. ఓటుచేత గెలువలేనివారు తుపాకిచేత గెలువ నిశ్చయించిరి. 1874 డిసెంబరులో విక్సుబర్గు వద్దను, 1875 సెప్టెంబరులో క్లింటను వద్దను నల్లవారిని వెంటాడి చంపిరి. ఆయుధములు పట్టిన తెల్లవారి దండులు సభలను చెదరగొట్టెను. గవర్నరు ఏమ్సు కేంద్రప్రభుత్వమును సైన్యము పంపుమని వేడుకొనెను, సైన్యము రాలేదు. నవంబరులో ఎన్నికలు జరిగెను. యాజూ అను జిల్లాలో నల్లవారే అధికులు. అచ్చట వారి పక్షమునకు పడిన ఓట్లు ఏడు. ఏడు వందలు కావు, ఏడు. ఈ యంకెకు వ్యాఖ్యానమక్కరలేదు. రాష్ట్రము డెమోక్రాటుల వశమాయెను.

అప్పుడు రెవెల్సు ఏమి చేసెను? నవంబరు 6వ తేదీన అధ్యక్షుడు గ్రాంటుకు ఒక జాబు వ్రాసెను. ఉత్తరము నుండి వచ్చిన నీతిమాలిన నాయకులు తనవారిని పావులుగ వాడుకొనిరనియు, వారి అవినీతికి విసిగి నల్లవారిలో పలువురు డెమోక్రాటులతో కలిసి ఓటు వేసిరనియు, ఈ నాయకులే లేకున్న పాత పగలు ఎప్పుడో చల్లారియుండుననియు అందు వ్రాసెను. ఆ జాబు పత్రికలలో ప్రకటితమయ్యెను. డెమోక్రాటులకు అది పండుగ. నల్లజాతివారిలో మొదటి సెనేటరే మా ఎన్నిక న్యాయమైనదని చెప్పుచున్నాడు గదా యని వారు చాటుకొనిరి. 1876లో సెనేటు నియమించిన విచారణ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చునపుడును, తాను ఎరిగినంతవరకు పరిస్థితి ఇంచుమించు శాంతముగనే యుండెననియు, విస్తారమైన దౌర్జన్యము తనకు తెలియదనియు చెప్పెను. ఆ సంఘమే, తక్కిన సాక్షులను విని, ఆ ఎన్నిక బెదరింపుచేతను దౌర్జన్యముచేతను గెలువబడినదని నిర్ణయించెను. ఆ సంవత్సరముననే క్రొత్త డెమోక్రాటు గవర్నరు ఆయనను మరల ఆల్కార్న్ అధ్యక్షునిగ నియమించెను.

ముద్దాయి పక్షమున చెప్పదగినది చెప్పకుండ తీర్పు చెప్పుట మా వృత్తిధర్మము కాదు. ఉత్తరాది నుండి వచ్చిన నాయకులందరును పరిశుద్ధులు కారు. ఆయన ఫిర్యాదులో కొంత నిజము గలదు. సైన్యము రాదని తేలిపోయినది. ఎదిరించినచో చచ్చువారు నిరాయుధులైన తనవారు. కళాశాల తలుపులు మూతపడకుండ కాపాడవలెనన్న గెలిచినవారితో మాట కలుపవలెను. శాంతి శాంతి యని జీవితమంతయు బోధించిన పాదిరికి రక్తపాతమును ఏదో విధముగ ఆపవలెనన్న తహతహ కలుగుట సహజము. ఏమ్సుతోడి పాత కక్ష ఆయన కలమును కొంత నడిపినదేమో. అయినను ఉద్యోగమునకై ఆత్మనమ్ముకొనెనని తీర్మానించుటకు ఆధారము చాలదు.

ఇన్నియు చెప్పిన పిమ్మట కూడ ఒక సంగతి మిగులును. అదే మిస్సిసిపీ నుండి 1875లో సెనేటుకు వచ్చిన రెండవ నల్లజాతి సభ్యుడు బ్లాంచి బ్రూసు. పుట్టుకచేత బానిస. ఆయనయు అతివాది కాడు. మెత్తని మాటయు, నెమ్మదియు గలవాడు. కాని 1876 మార్చి 31వ తేదీన సెనేటులో లేచి, తన రాష్ట్రమున జరిగిన ఎన్నికను విచారింపవలసినదేనని స్పష్టముగ కోరెను. ఇరువురును మితవాదులే. ఒకడు మాటలో మితము పాటించి నిజమును నిలిపెను. మరియొకడు నిజములోనే మితము పాటించెను. స్వరము తగ్గించుట వేరు, సాక్ష్యము తగ్గించుట వేరు.

మన భారతమున రెండు రాయబారములున్నవి. ఒకటి సంజయునిది, మరియొకటి శ్రీకృష్ణునిది. ఇరువురును శాంతినే కోరిరి; ఇరువురి మాటయు మెత్తనిదే. కృష్ణుడు కౌరవసభకు పోయి సంధి కోరెను గాని, పాండవుల పాలు పాండవుల కీయుడని కోరి సంధి చేయుమనెను. ఐదూళ్లకైనను ఒప్పుకొనుట మితవాదమునకు పరమావధి. కాని ఆ ఐదూళ్లు లేని సంధిని ఆయన ఎత్తలేదు. సంజయుడు ధృతరాష్ట్రుని పనుపున పాండవుల కడకు వచ్చి, యుద్ధము పాపము, శాంతి మేలు అని బోధించెను. రాజ్యమున పాలు మాట మాత్రము ఎత్తలేదు. 1870లో రెవెల్సు నెరపినది కృష్ణరాయబారము. 1875లో ఆయన చేతికి వచ్చినది సంజయ రాయబారము. రెండింటి భాషయు ఒకటే గనుక, ఆయనకు భేదము తెలియలేదని మా తలపు.

మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి యని మన సామెత. మిస్సిసిపీ పాలకులు ఆ జాబులోని సద్భావమునకు ఏమి బదులిచ్చిరి? 1890లో క్రొత్త రాజ్యాంగము వ్రాసికొనిరి. ఓటునకు తలపన్ను పెట్టిరి. రాజ్యాంగములోని యొక భాగమును చదివి గాని, విని గాని అర్థము చెప్పగలవానికే ఓటనిరి. అర్థము సరియైనదో కాదో తేల్చువాడు తెల్ల అధికారి. 1867లో అరువదివేలున్న నల్లజాతి ఓటర్లు 1892 నాటికి తొమ్మిదివేల లోపునకు దిగిరి. 1881లో బ్రూసు గడువు ముగిసిన పిమ్మట, 1967లో మసాచుసెట్సు నుండి ఎడ్వర్డు బ్రూకు వచ్చువరకు సెనేటులో నల్లజాతి సభ్యుడు కూర్చుండలేదు. పోయిన ఓటు చట్టబలముతో తిరిగి వచ్చుటకు 1965 నాటి ఓటు హక్కుల శాసనము వరకు, తొంబదియేండ్లు పట్టెను. ఆ తొంబదియేండ్లలో ఎందరు చెరసాలలు చూచిరో, ఎందరు ప్రాణములిచ్చిరో మీరు చదివియే యుందురు.

రెవెల్సు 1882 వరకు ఆల్కార్న్‌లో పనిచేసి విరమించెను. తరువాత హోలీ స్ప్రింగ్సు అను ఊర కాపురముండి, మతబోధ చేయుచు, దైవశాస్త్రము చెప్పుచు కాలము గడపెను. 1901 జనవరి 16వ తేదీన అబర్డీను పట్టణములో, మతసంఘ సమావేశమునకు పోయినపుడు, అచ్చటనే మరణించెను. ఆయన నిలిపిన కళాశాల నేటికిని విశ్వవిద్యాలయమై నిలిచియున్నది. అందు చదివి వెలుగు చూచిన వేలమంది ఆయనకు ఋణపడినవారే. ఈ పుణ్యమును మేము తక్కెడలో వేయక మానము.

సభాసదులారా! ఆయనను దూషించి పోవుట సులభము. స్తుతించి పోవుట అంతకంటె సులభము. మనకు కావలసినది ఆయన కథలోని కొలబద్ద. ఎవరైనను మనలను శాంతింపుమనినపుడు, ఓర్చుకొమ్మనినపుడు, రెండు ప్రశ్నలు వేయవలెను. ఓర్పు ఎవరిని అడుగుచున్నారు, కొట్టినవానినా, దెబ్బతిన్నవానినా? ఆ శాంతికొరకు విడువవలసినది కోపమా, నిజమా? కోపమును విడువుమనినచో విడుతము, అది తపస్సు. నిజమును విడువుమనినచో, అడిగినవాడు ఎంతటి సాధువైనను, వినయముతో చేతులు జోడించి కాదనవలెను. నాచెజ్ పాదిరి మొదటి పాఠమును తన సెనేటు జీవితముచేత నేర్పెను. రెండవ పాఠమునకు ఆయన ప్రజలు తొంబదియేండ్లు వెల చెల్లించిరి. రెండును నేర్చుకొనుట మన వంతు.